తోక ఉన్న కోడి, తోక లేని కోడి

నేను ఏలూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మగా చేరిన ఏడాదే మా స్కూలుకి ఒక అద్దాల బీరువా వచ్చింది. ఊళ్ళో ఒక ప్లీడరుగారు ఇల్లు మారుతూ, దాన్ని మోయించే ఓపిక లేక మాకు ఇచ్చేశారు. లోపల ఉన్న ఆరు పక్షుల్ని కూడా అలాగే వదిలేశారు. ఆయనకి వేట సరదా. కొల్లేట్లో తను కొట్టిన పక్షుల్ని మద్రాసు పంపించి, లోపల గడ్డి కూరించి, కళ్ళ చోట గాజుపూసలు పెట్టించి, చెక్కల మీద నిలబెట్టించుకున్నారు. అందులో ఒక కొంగకి ఒక కన్ను ఎరుపు, ఇంకో కన్ను నీలం. పిల్లలు ఎరుపు కన్ను వైపు నిలబడడానికి భయపడేవారు.

మా పెద్ద టీచరుగారు నన్ను పిలిచారు. నేను చదువుకున్నదీ ఆ బడిలోనే, ఆవిడ దగ్గరే. అందుకని ఉద్యోగంలో చేరాక కూడా ఆవిడ ముందు నిలబడితే నాకు ఎక్కాలు అప్పజెప్పాలేమో అనిపించేది.

"ప్రకృతి పాఠం నీదే కదమ్మా. క్రిస్మస్ సెలవులు అయిపోయాక ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వస్తారు. ఈలోగా ఈ బీరువా నిండాలి. కొల్లేటి జీవులన్నీ ఉండాలి. పద్ధతిగా ఉండాలి."

పద్ధతి అన్న మాట ఆవిడ గట్టిగా అన్నారు.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ట్రైనింగులో ఉండగా కొనుక్కున్న పాత ఇంగ్లీషు జంతుశాస్త్రం పుస్తకం నా పెట్టెలో ఉంది. అందులో బొమ్మలన్నీ ఇంగ్లండువే. కొరమేను లేదు, బొమ్మిడాయి లేదు, గూడబాతు గురించి రెండు ముక్కలు. అయినా దారి మాత్రం అదే చూపించింది. వెన్నెముక ఉన్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు. ఉన్నవాటిలో చేపలు, కప్పల జాతి, పాముల జాతి, పక్షులు, పాలిచ్చేవి. బీరువాకి అయిదు అరలున్నాయి. లెక్క అతికినట్టు సరిపోయింది. రొయ్యనీ, పీతనీ, నత్తనీ మాత్రం వెన్నెముక లేని పాపానికి బీరువా నెత్తిన కూర్చోబెట్టాను.

పిల్లలకి లాటిన్ పేర్లు చెప్పడం కష్టమవుతుందనుకున్నాను గానీ, అది అన్నిటికన్నా తేలికైంది. "ప్రతి జీవికీ రెండు మాటల పేరుంటుంది. మొదటిది ఇంటిపేరు, రెండోది సొంతపేరు," అన్నాను. వెంటనే అర్థమైంది వాళ్ళకి. దొరలు తమ ఇంటిపేర్లు చివర పెట్టుకుంటారు గానీ, జంతువుల దగ్గరికొచ్చేసరికి మనలాగే ముందు పెట్టారు. కొరమేనుకీ మట్టగిడసకీ ఇంటిపేరు ఒకటేనని చెప్పినప్పుడు, "అయితే అవి అన్నదమ్ముల పిల్లలాండీ?" అని ఒక పిల్ల అడిగింది. దాదాపు అంతే అన్నాను.

చేపలు సేకరించడంలో నాకు పోటీ మా హాస్టలు వంటావిడ. ఉదయాన్నే లంకల నుంచి ఒక చేపలామె గంపతో వచ్చి హాస్టలు వంటింటి గుమ్మం దగ్గర దింపేది. నలభై ఏళ్ళుంటాయేమో, సన్నగా, పొడుగ్గా ఉండేది. గంప దింపగానే వంటావిడా, నేనూ రెండు వైపుల నుంచీ చేతులు పెట్టేవాళ్ళం.

"పులుసులోకి రావలసిందాన్ని సీసాలో వేసి మూత పెడితే ఎవరికండీ లాభం?" అని వంటావిడ విసుక్కునేది. ఆస్పత్రి నుంచి తెచ్చిన స్పిరిట్‌లో, ఖాళీ పిప్పరమెంటు సీసాల్లో, గొరక, జెల్ల, బొమ్మిడాయి ఒక్కొక్కటే చేరాయి. చేపలామె గంప సర్దుకుంటూ అంతా చూసేది.

శనివారాలు మా నాన్నగారు తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చేవారు. ఆయనా బడిపంతులే, అప్పటికి రిటైరయ్యారు. నాకు మూడేళ్ళప్పుడు అమ్మ పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని చుట్టాలంతా పోరు పెట్టినా వినకుండా, నాకు వండిపెట్టి, జడలు వేసి, ఆయనే పెంచారు. ఆ జడలు ఎప్పుడూ ఒకటి పైకీ ఒకటి కిందకీ ఉండేవి. నా బీరువా చూసి ఆయన చాలాసేపు నవ్వారు.

"ఇన్ని అరలెందుకమ్మడూ? లోకంలో జంతువులు మూడే రకాలు. మనం తినేవి, తిననివి, మనల్ని తినేవి."

"ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చినప్పుడు ఆ మాట అనకండి, నాన్నగారూ," అన్నాను.

పక్షుల అరలోనే చిక్కొచ్చింది. ప్లీడరుగారి ఆరు పక్షుల్లో రెండు, తామరాకుల మీద నడిచే కోళ్ళు. లంకల వాళ్ళు తామరకోడి అంటారు. వాటి కాలివేళ్ళు చూస్తే నవ్వొస్తుంది, ఒంటి కన్నా వేళ్ళే పెద్దవేమో అనిపిస్తుంది. ఒకదానికి కొడవలిలా వంగిన నల్లటి పొడుగు తోక, చాక్లెట్ రంగు ఒళ్ళు, మెడ వెనకాల బంగారం పూసినట్టు పసుపు. రెండోదానికి ఆ తోకా లేదు, ఆ సోకూ లేదు. పైన మట్టి రంగు, కింద తెలుపు. నా పుస్తకంలో రెండూ లేవు. నేనే పేర్లు పెట్టి, "పొడుగుతోక తామరకోడి", "పొట్టితోక తామరకోడి" అని గుండ్రటి అక్షరాలతో రెండు చీటీలు రాశాను. ఇంటిపేరు ఒకటి, సొంతపేర్లు రెండు. నాకు చాలా గర్వంగా ఉంది.

ఒకరోజు చేపలామె గంప దింపి, కొంగుతో చేతులు తుడుచుకుని, గదిలోకి వచ్చి బీరువా ముందు నిలబడింది. చదువు రాదు కాబట్టి చీటీలు చూడలేదు, జంతువుల్నే చూసింది.

"పంతులమ్మగారూ, ఈ కోడిని రెండుసార్లు పెట్టారేంటండీ?"

"రెండుసార్లు కాదు. అవి రెండు వేరు వేరు జాతులు. దానికి తోకుంది, దీనికి లేదు. రంగు కూడా వేరు, చూడు."

"ఒకటేనండి. వానాకాలం తోక వస్తాదండి, చలికాలం పోద్దండి. మనం పండక్కి కొత్త కోక కట్టినట్టండి."

నేను నవ్వాను. ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

"ఇంకో సంగతండి. దీని గుడ్ల మీద పెట్ట కూర్చోదండి. పుంజే కూర్చుంటాది. పిల్లల్ని కూడా అదే తిప్పుద్ది."

ఈసారి గట్టిగానే నవ్వాను. పుంజు పొదగడం ఏ పుస్తకంలో ఉంది? కనీసం నా పుస్తకంలో లేదు.

"నా మాట మీద నమ్మకం లేపోతే వచ్చి చూడండి. ఇప్పుడే పెట్టాయి గుడ్లు," అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను వదల్లేదు. పెద్ద టీచరుగారిని అడిగితే, "ఒక్కదానివే వెళ్ళకు, మీ నాన్నగారిని తీసుకెళ్ళు," అన్నారు. మరుసటి శనివారం తెల్లవారగానే నాన్నగారూ నేనూ ఒంటెద్దు బండిలో బయల్దేరి, దారి నీళ్ళలో మునిగినచోట దిగాం. అక్కడ చేపలామె తాటిదోనె పెట్టుకుని ఎదురుచూస్తోంది. తాటిచెట్టు మొదలుని నిలువునా తొలిచి చేసిన దోనె అది. మనిషి తుమ్మితే ఊగుతుంది. నాన్నగారు పంచె ఎగగట్టి, గొడుగు చంకలో పెట్టుకుని, ప్రార్థన చేసుకున్నట్టు కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

వర్షాలు బాగా పడిన ఏడాది. కొల్లేరు ఒడ్డు దాటి పొలాల్లోకి వచ్చింది. కిక్కిస రెల్లు రెండువైపులా గోడలా నిలబడితే మధ్యలో సందులాంటి దారి. గడ వేస్తూనే ఆమె చెబుతోంది. ఎర్రటి చుక్కల గుంపులా నీళ్ళ మీద కదులుతున్నవి కొరమేను పిల్లలట, కిందే తల్లీతండ్రీ కాపలా ఉంటాయట. "చెయ్యి పెట్టకండి అయ్యగారూ, ఎగిరి కొరుకుద్ది," అనగానే నాన్నగారు చెయ్యి మాత్రమే కాదు, గొడుగు కూడా లోపలికి లాక్కున్నారు.

తామరాకుల మడుగు చేరాక గడ ఆపేసి, మాట్లాడొద్దని సైగ చేసింది. నాలుగు బారల దూరంలో, సగం మునిగిన ఆకుల మీద నాచు పోగులో నాలుగు గుడ్లు. నున్నగా, కొత్త ఇత్తడి గిన్నెల్లా మెరుస్తున్నాయి. వాటి పక్కన పొడుగు తోకతో తామరకోడి. కాస్త ఆగి అది గుడ్ల మీద కూర్చుంది.

గంట గడిచింది. రెల్లులో నుంచి ఇంకో కోడి వచ్చింది. అదే రంగు, అదే తోక, కానీ ఒళ్ళు ఇంకా పెద్దది.

"అదండీ పెట్ట," అంది చేపలామె గుసగుసగా. పెట్ట గుడ్ల దగ్గరికే రాలేదు. మడుగు మీదకి వచ్చిన ఒక డేగని అరిచి తరిమి, అవతల కిక్కిస దగ్గరికి ఎగిరిపోయింది. అక్కడ ఇంకో కోడి దానికి ఎదురొచ్చింది.

"అక్కడ దానికి ఇంకో సంసారం ఉందండి. వారం పోతే అక్కడా గుడ్లు పెట్టుద్ది. ఆటినీ ఆ పుంజే చూసుకుంటాది."

"ఇది పుంజని, అది పెట్టని ఎలా తెలుసు? రెండూ ఒక్కలాగే ఉన్నాయి కదా," అన్నాను.

"మా అమ్మ చెప్పిందండి. తర్వాత నేనే చూశానండి. పెద్దది గుడ్డు పెడతా ఉంటే చూశాను. పెట్టేసి పోయింది. చిన్నది వచ్చి కూర్చుంది. ఒక్కసారి కాదండి, ఏటేటా చూస్తానే ఉన్నాను. నీళ్ళు పెరిగితే గుడ్ల కింద ముక్కు పెట్టి, రొమ్ముకి ఆనించి, ఒక్కొక్కటే పక్క ఆకు మీదకి జరుపుకుంటాదండి పాపం."

ఎండ నెత్తి మీదకొచ్చింది. పుంజు లేచి నిలబడి, గుడ్ల మీద నీడ పడేట్టు రెక్కలు కాస్త విప్పింది. నాన్నగారి వైపు చూశాను. గొడుగు తెరవడం మరిచిపోయి ఎండలోనే కూర్చున్నారు.

"నీడ పట్టాడే," అన్నారు మెల్లగా. కాసేపయ్యాక, "వాడికి ఎవరు నేర్పారో," అన్నారు.

చేపలామెకి మా ఇంటి సంగతి తెలియదు. తెలిసిన నేను, ఆయన చెయ్యి పట్టుకుంటే దోనె ఊగుతుందని పట్టుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఆయన నా జడ సరిగ్గా ఉందా అన్నట్టు ఒకసారి చూశారు.

పుంజు సంగతి ఒప్పుకున్నాను గానీ తోక సంగతి ఇంకా మిగిలింది. తామరకోడి తండ్రిగా మంచిదైనంత మాత్రాన తోక రాలిపోతుందని నమ్మనక్కర్లేదు కదా. ఆ మాటే ఆమెతో అన్నాను. "అట్టాగేనండి, చూపిస్తాను," అంది.

దసరా సెలవులు అయిపోయిన కొన్నాళ్ళకి ఒక ఉదయం ఆమె గంప మీద తడిగుడ్డ కప్పుకుని వచ్చింది. గుడ్డ తీస్తే లోపల బతికున్న తామరకోడి. మావులో, అంటే చేపలు పట్టే వెదురుబుట్టలో, కాలు ఇరుక్కుని దొరికిందట. వంటావిడ ఆశగా చూసింది గానీ, నేను ముందే అందుకున్నాను.

దాన్ని చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. పొడుగు తోకలో ఒక్క ఈక మాత్రం మిగిలి వేలాడుతోంది. వీపు సగం చాక్లెట్ రంగు, సగం మట్టి రంగు. పొట్ట మీద నలుపు మధ్యలో తెల్లటి ఈకలు మొలుచుకొస్తున్నాయి. బీరువాలోని రెండు పక్షులూ ఆ ఒక్క ఒంటి మీద ఉన్నాయి.

"మీరు చెప్పిందే నిజం," అన్నాను.

ఆమె చుట్టూ చూసింది, మీరు అన్నది ఇంకెవరినైనానేమో అని. అంతవరకు ఆమెని నువ్వు అనే పిలిచేదాన్ని, అందరూ అలాగే పిలిచేవారు. ఆ మీరు నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. వంటావిడ మాత్రం ఆ మాట వారం రోజులు హాస్టలంతా చెప్పుకుంది.

క్లాసు పిల్లలందరికీ ఆ కోడిని చూపించి, సాయంత్రం చేపలామె చేతికే ఇచ్చి మడుగులో వదిలెయ్యమన్నాను. వదిలేశానని మర్నాడు చెప్పింది. రెండు చీటీలూ చించి, రెండు పక్షుల మధ్య ఒకే చీటీ పెట్టాను. "తామరకోడి. వానాకాలం, చలికాలం."

క్రిస్మస్ సెలవులు అయ్యాక ఇన్‌స్పెక్ట్రెస్‌గారు వచ్చారు. మద్రాసులో సైన్సు చదివిన మనిషి, తెలుగావిడే, కళ్ళజోడు గొలుసు మెడలో వేలాడుతుండేది. బీరువా ముందు ఆగి, పై అర నుంచి కింది దాకా చూశారు. బాగానే ఉందన్నట్టు తలూపుతూ వచ్చి, పక్షుల దగ్గర ఆగిపోయారు.

"ఇక్కడ ఒక చీటీ పడిపోయినట్టుందే. ఇవి రెండు జాతులు కదా."

మా పెద్ద టీచరుగారు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అయినా జరిగింది చెప్పాను. దోనె, డేగ, ఒక్క ఈక తోక, అన్నీ.

"ఇది ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో చూడలేదండీ. మాకు చేపలు తెచ్చే ఆవిడ చెప్పారు. తర్వాత నేను చూశాను."

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు కళ్ళజోడు తీశారు. "ఆవిడ ఇప్పుడెక్కడ ఉన్నారు?"

వంటింటి దగ్గరే ఉంది. పిలిస్తే వచ్చింది, చెయ్యి వాసనొస్తుందని వెనక్కి పెట్టుకుని. ఇన్‌స్పెక్ట్రెస్‌గారు తామరకోడి సంగతి నాలుగు రకాలుగా అడిగారు. నాలుగుసార్లూ ఒకటే జవాబొచ్చింది. అప్పుడు ఆవిడ బీరువాకి అంటించిన రంగు కాగితాలు చూపించారు. మా వాచకంలో "మనకు ఉపకారం చేసే జంతువులు, అపకారం చేసే జంతువులు" అని ఒక పాఠం ఉండేది. దాన్ని బట్టి నేను కొన్నిటికి పచ్చ కాగితం, కొన్నిటికి ఎర్ర కాగితం అంటించాను. నీరుకట్టె పాముకీ, ఎలుకకీ, నీటికుక్క బొమ్మకీ, గూడబాతు బొమ్మకీ ఎరుపు.

"ఎర్ర కాగితం ఉన్నవి చెడ్డవట. నువ్వు ఒప్పుకుంటావా?" అని అడిగారు.

చేపలామె ఆలోచించింది. "పాము మంచిదో చెడ్డదో నాకు తెలవదండి. పాములు పోయిన ఏడాది ఎలకలు గట్లన్నీ తవ్వేసినాయండి. నీళ్ళన్నీ పోయినాయి. ఎలక కూడా ఊరికే లేదండి, దాన్ని గద్ద తింటాది, గుడ్లగూబ తింటాది. ఇయ్యన్నీ వేరు వేరు అరల్లో పెట్టారు గానీ, అక్కడ ఒక్కచోటే ఉంటాయండి."

"గూడబాతు సంగతేమిటి? నీ చేపలు తినేస్తుంది కదా?"

"తింటాదండి. నేనూ తింటున్నాను కదండీ."

ఇన్‌స్పెక్ట్రెస్‌గారు నవ్వు ఆపుకోలేకపోయారు. చేపలామె మాత్రం నవ్వలేదు, సంగతి పూర్తిచేసింది. గూడబాతులు గూళ్ళు పెట్టే చెట్ల కింద రెట్టంతా వానకి నీళ్ళలో కలుస్తుందట. ఆ నీళ్ళలో నాచు పెరుగుతుంది, నాచుకి పురుగు చేరుతుంది, పురుగుకి చేప చేరుతుంది. "ఆ బాతులు వచ్చిన ఏడాది మాకు వల బరువండి," అంది.

రిపోర్టు వచ్చేదాకా పెద్ద టీచరుగారికి నిద్ర లేదు. వచ్చాక చూస్తే, బీరువా వర్గీకరణ బాగుందనీ, ఎర్ర పచ్చ కాగితాలు తీసేసి ఏది దేని మీద బతుకుతుందో చూపించే ఏర్పాటు చేస్తే ఇంకా బాగుంటుందనీ ఉంది. తామరకోడి మాట అందులో లేదు. నెల తర్వాత నా పేర విడిగా ఒక కార్డు వచ్చింది. ఆవిడ మద్రాసులో పెద్ద పుస్తకాలు తిరగేశారట. తోకా నిజమే, తండ్రీ నిజమే. ఎప్పుడో ఎవరో దొర చూసి రాసి పెట్టాడట.

కార్డు చేపలామెకి చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "పుస్తకంలో ఉన్నదానికి మీరు ఆ దోనెలో అంత దూరం రావడం దేనికండీ?" అంది.

బీరువా పక్కన కొత్తగా ఒక పెద్ద అట్ట కట్టాం. వరికంకి నుంచి ఎలుకకి, ఎలుక నుంచి పాముకి, పాము నుంచి గద్దకి, నాచు నుంచి పురుగుకి, పురుగు నుంచి జెల్లకి, జెల్ల నుంచి గూడబాతుకి దారాలు. పిల్లలు రోజుకో దారం కలిపేవారు. కొన్నాళ్ళకి అది సాలెగూడులా తయారైంది. ఒక పిల్ల వంటావిడ బొమ్మ కూడా గీసి, అన్ని చేపల నుంచీ ఆవిడకి దారాలు కట్టింది. ఆవిడ చూసి కోప్పడుతుందనుకున్నాం గానీ, తన ముక్కు బాగా రాలేదని మాత్రమే అంది.

మరుసటి వానాకాలం పెద్ద టీచరుగారే స్వయంగా పిల్లల్ని మూడు బళ్ళలో కొల్లేటికి తీసుకొచ్చారు. ఆవిడ దోనె ఎక్కలేదు. గట్టు మీద కుర్చీ వేయించుకుని అక్కడి నుంచే, "వంగకండి, వంగకండి," అంటూ కూర్చున్నారు. చేపలామె ఒక్కో దోనెకి నలుగురిని ఎక్కించి, గుడ్లు చూపించి, కొరమేను పిల్లల్ని చూపించి, దించింది. గూడబాతులు గుంపుగా మా నెత్తి మీద నుంచి వెళుతుంటే ఒక పిల్ల అడిగింది, అవి ఇక్కడ లేని నెలల్లో ఎక్కడికి పోతాయని.

చేపలామె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"నాకు తెలవదండి," అంది ఆమె.

"నాకూ తెలియదు," అన్నాను.

పిల్ల మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అయితే తనే కనుక్కుంటానని చెప్పి, పలకా బలపం తెచ్చుకోవడానికి బండి దగ్గరికి పరిగెత్తింది.